పాప దగ్గని రోజు

మంచు ఆరేదాకా నారింజ మీద చెయ్యి వెయ్యకూడదు. తడికాయని కోసి క్రేటులో వేస్తే రెండు పూటలు తిరక్కుండానే బూజు పట్టి, పక్కనున్న కాయలకీ అంటిస్తుంది. అందుకని కోత రోజుల్లో పెందలాడే తోటకి వెళ్ళినా, ఎండ ఆకుల్లోకి దిగేదాకా పని మొదలయ్యేది కాదు. కత్తెరలు ఒళ్ళో పెట్టుకుని గట్టు మీద వరసగా కూర్చుని లోకంలో ఉన్న కబుర్లన్నీ అప్పుడే చెప్పుకునేవాళ్ళం. మేస్త్రీ చెట్టు చెట్టుకీ వెళ్ళి కాయని తడిమి చూసి, "ఇంకా ఆరలేదు, కూర్చోండి" అనేవాడు. కాయకి తడి తగిలితే పాడవుతుందని అంత బాగా తెలిసిన మనిషికి, ఆ కాయ కోసేవాళ్ళు పడుకునే గది ఏడాది పొడుగునా తడిగానే ఉంటుందని ఎందుకు తెలియదో అనుకునేదాన్ని. తెలియక కాదులెండి. మమ్మల్ని ఎవరూ బజారుకి పంపి అమ్మరు కదా.

మేముండేది గోదాములో. ఒకప్పుడు అందులో ఎరువుల బస్తాలు పెట్టేవాళ్ళు. వెనకగోడని ఆనుకునే తోటకి నీళ్ళు పారే కాలవ. ఆ చెమ్మకి ఎరువు గడ్డకట్టుకుపోతోందని యజమాని ఎత్తైన అరుగు మీద కొత్త గోదాము కట్టించుకుని, పాతదానికి అడ్డగోడలు లేపి మాకిచ్చాడు. తలుపుంది, కిటికీ లేదు. ఎరువు బయటికి తొంగిచూడదు కదా మరి. ఏళ్ళ తరబడి ఎరువు ఉప్పు తాగిన గోడ అది. మండుటెండలో చెయ్యి పెట్టినా చల్లగా, జిగటగా తగిలేది. దాని పక్కన ఏం పెట్టినా బూజే. పోనీ ఇంకెక్కడికైనా పోదామంటే చుట్టుపక్కల అద్దెకిచ్చే ఇల్లే లేదు. పని ఉన్నన్నాళ్ళు గది, గది ఉన్నన్నాళ్ళు పని. ఒకటి వదిలితే రెండోది దానంతటదే పోతుంది.

ఆ గదిలో నలుగురం. నేను, మా ఆయన, మా అత్త, నాలుగేళ్ళ పాప. మా ఆయన సంగతి ఒక్క మాటలో చెప్పొచ్చు. "చూద్దాంలే." కొంప అంటుకుందన్నా "చూద్దాంలే" అనే మనిషి. తోటలో నిచ్చెనలు మార్చడం ఆయన పని. మా అత్త వయసుడిగి కోత మానేసి, ఇంటి దగ్గర పాపని చూసుకునేది. ఆవిణ్ణి గోదాములో అందరూ చీపురమ్మ అనేవాళ్ళు. మొహం మీదే అనేవాళ్ళు, ఆవిడ దాన్ని పొగడ్త కింద జమ కట్టుకునేది. ఆవిడ ఊడుస్తుంటే నేల కూడా ఒళ్ళు దగ్గర పెట్టుకునేది. బురదకాళ్ళతో గుమ్మం తొక్కావా, ఇక నీ ఏడు తరాలూ కడుక్కోవాల్సిందే.

ఇక పాప. పాపకి పిల్లికూతలు. ఊపిరి పీల్చినప్పుడల్లా గొంతులో ఏదో కూస్తున్నట్టుండేది, ఆ తర్వాత దగ్గు తెర. కోత మొదలైన కొత్తలో ఆస్పత్రికి తీసుకెళ్తే నర్సమ్మ దాని వీపు మీద చెవి పెట్టి విని, నా వంక చూసింది.

"మందంటే నేనిస్తాను. నీ గోడకి నేను మందివ్వలేను. పోయిన వానల్లో ఇది ఎలా గట్టెక్కిందో నీకూ తెలుసు, నాకూ తెలుసు. ఈసారి వానలు పడేలోపు దీన్ని ఆ గదిలోంచి బయటికి తియ్యి."

"ఎక్కడికి తియ్యనమ్మా?"

ఆవిడ మందుసీసా మీద మూత రెండోసారి బిగించి నా చేతిలో పెట్టింది.

నిజానికి ఎక్కడికో అందరికీ తెలుసు. రోడ్డు పక్కన కొత్త ఇళ్ళు లేచి అప్పటికే కొన్నాళ్ళయింది. తోటపని చేసేవాళ్ళ కోసం ప్రభుత్వం కట్టించినవి. చిన్నవే, కానీ పొడి నేల మీద కట్టినవి, ఇంటింటికీ లోపలే కుళాయి, రోడ్డు వైపు కిటికీ. తాళాలు వేసి ఉండేవి. తోటకి పోతూ వస్తూ ఆ కిటికీల్లోంచి లోపలికి చూడని మనిషి లేడు. మా అత్త ఓ రోజు ఒక కిటికీ గట్టు మీద వేలు పెట్టి రాసి, "అప్పుడే దుమ్ము పట్టిపోతోందే. చూసే దిక్కులేక" అని, దాన్ని తుడిచేదాకా కదల్లేదు.

ఆ ఇళ్ళు ఎవరికన్నది మంచు ఆరే వేళలోనే తెలిసింది. మేస్త్రీ వచ్చి గట్టు మీద కూర్చుని చెప్పాడు. రెండు తోటల వాళ్ళకీ సరిపోయేటన్ని లేవట. ఇళ్ళ ఆఫీసరు వచ్చి మా గోదామూ, పక్క తోటవాళ్ళ షెడ్డూ చూస్తుందట. ఏది మనుషులుండడానికి పనికిరాదో అక్కడివాళ్ళకిస్తారట.

గట్టు మీద ఒక్కసారిగా నవ్వులు. ఇందులో పోటీ ఏముంది? పక్క తోటవాళ్ళు ఉండేది పాత కోళ్ళ షెడ్డులో. వానకి కారుతుంది నిజమే, ఎండకి కాలుతుంది నిజమే, కానీ గాలాడుతుంది. మా గోదాముతో పోలిస్తే అది రాజభవనం. ఆ షెడ్డులో ఉండే పొడుగువదిన కంచె అవతల కోస్తూ మాటలు విని ఇటు తొంగిచూసింది. నాకు చుట్టం కాదు, ఏళ్ళ తరబడి కంచెకి అటూ ఇటూ కోసి కోసి వదినలమైపోయాం.

"ఇంకేం వదినా, ఇళ్ళు మీవే. దిగాక ఓ పూట భోజనానికి పిలవండి చాలు" అంది. అందులో అసూయ లేదు. పాప సంగతి ఆవిడకి తెలుసు.

ఆ సాయంత్రం ఇంటికొచ్చేసరికి మా అత్త గోదాములో ఆడవాళ్ళందర్నీ పోగేసి కూర్చుంది. పక్కన బక్కెట్టు నిండా సున్నం. చెట్ల మొదళ్ళకి కొట్టగా మిగిలిన సున్నం, మేస్త్రీని అడిగి తెచ్చుకుంది.

"ఇదేంటత్తా?" అన్నాను.

"ఆఫీసరమ్మ వస్తోందిగా. గోడలకి వేద్దాం."

"అత్తా, ఆవిడ వచ్చేది మన ఇల్లు ఎంత బాగుందో చూడ్డానికి కాదు. ఎంత బాగాలేదో చూడ్డానికి."

"నీకు తెలీదు, ఊరుకో" అంది చీపుర్లోంచి విరిగిన పుల్ల లాగి పారేస్తూ. "ఇంటికి మనిషి వస్తుంటే ముక్కు మూసుకునేలా ఉంచుతామా? చూసి ఏమనుకుంటుంది? వీళ్ళకి కొత్తిల్లిస్తే దాన్నీ ఇలాగే తగలేస్తారు అనుకుంటుంది. ఇల్లు ఉంచుకోవడం చేతనైన వాళ్ళకే ఎవరైనా ఇల్లిచ్చేది. మురికి చూపించి చెయ్యి చాస్తే ముద్ద పడేస్తారు గానీ ఇల్లివ్వరే పిచ్చిదానా."

ఆడవాళ్ళందరూ తలలూపారు. నాక్కూడా ఆ మాటలో తప్పెక్కడుందో వెంటనే దొరకలేదు. మా ఆయన వైపు చూశాను. "చూద్దాంలే" అన్నాడు.

ఆ వారమంతా పెళ్ళివారు దిగుతున్నట్టే. సున్నం తడిగోడకి పట్టదు, వేసిన గంటకే పెచ్చులూడుతుంది. అందుకని ముందు గోడ ఆరబెట్టాలన్నారు. చెట్లకి నరికేసిన ఎండుకొమ్మలు ఈ ఒక్కసారికి తీసుకోమన్నాడు మేస్త్రీ. మేం తోటకి వెళ్ళాక ముసలివాళ్ళందరూ పిల్లల్ని బయట చెట్టు కింద కూర్చోబెట్టి, తలుపులు బార్లా తీసి, గది గదిలో వెనకగోడ వారన రేకుల మీద నిప్పు చేసేవాళ్ళు. కాలవకి కూడా ఆ వారం నీళ్ళు వదల్లేదు, కోత ముమ్మరంలో నీళ్ళు పెడితే కాయ చప్పబడుతుంది. అన్నీ అలా కలిసొచ్చాయి. గోడ ఆరింది. సున్నం పట్టింది. నేలంతా రుద్ది కడిగారు. మా మంచం కాళ్ళు కూడా కడిగింది మా అత్త.

ఆ గదిలో పడుకోడానికి నాకే కొత్తగా ఉండేది. పాప ఆ వారం తెల్లవార్లూ ఒళ్ళు తెలియకుండా నిద్రపోయింది. పిల్లికూతలు లేవు. నేను లేచి లేచి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేదాన్ని. గోడ పొడిగా ఉంటే చాలు, నా బిడ్డకి ఏ జబ్బూ లేదని అప్పుడు తెలిసింది. రోజూ ఇంత నిప్పు పెట్టాలంటే తోటంతా నరకాలి, అది వేరే సంగతి.

ఆఫీసరమ్మ వచ్చిన రోజు మా గోదాములో అందరం పని మానేసి ఉండిపోయాం. ఆవిడ మంచి మనిషి. ఎండలో తిరిగి తిరిగి వాడిపోయి ఉంది. మా గుమ్మం దగ్గరకి వచ్చి లోపలికి చూసి ఆగిపోయింది. అంత తళతళలాడే నేల మీద చెప్పులతో అడుగుపెట్టడానికి ఆవిడకే మనసొప్పలేదు. బయటే విప్పి వచ్చింది. అప్పుడు మా అత్త మొహం చూడాలి. ఆవిడ బతుకులో ఏ పెద్దమనిషీ ఆవిడ గుమ్మం ముందు చెప్పులు విప్పలేదు.

"అబ్బ, ఎంత బాగా ఉంచుకున్నారమ్మా" అంది ఆఫీసరమ్మ.

మా అత్త స్టూలు తుడిచి వేసింది. నేనిక ఆగలేకపోయాను.

"అమ్మగారూ, ఇది ఇప్పుడిలా ఉంది గానీ, ఆ గోడ వెనక కాలవుంది. ఎప్పుడూ చెమ్మే. నిప్పు పెట్టి ఆరబెట్టాం."

ఆవిడ లేచి వెళ్ళి గోడ మీద అరచెయ్యి ఆనించింది. ఆనించి అలాగే కాసేపు ఉంచింది. గోడ పొడిగా ఉంది. చెయ్యి తీసేసరికి అరచెయ్యంతా తెల్లగా సున్నం అంటుకుంది.

"అయ్యో, చెయ్యి పాడయిందమ్మా" అని మా అత్త చెంబుతో నీళ్ళు తెచ్చింది. గుమ్మంలో నిలబెట్టి, ఆవిడ చెయ్యి తన చేత్తో పట్టుకుని శుభ్రంగా కడిగింది. వేళ్ళ సందులు కూడా వదల్లేదు.

"మీరొస్తున్నారనే వేశామమ్మా" అంది కడుగుతూ.

"నా కోసం ఇంత శ్రమ ఎందుకమ్మా" అంది ఆవిడ. ఆ మాట మనస్ఫూర్తిగానే అంది.

నేను పాపని ముందుకి లాగాను. "దీనికి ఆయాసం అమ్మగారూ. ఈ గదిలో దీనికి ఊపిరాడదు. పడుకుంటే కూతలు, లేస్తే దగ్గు. వానలొస్తే దీన్ని బతికించుకోవడమే కష్టం. నర్సమ్మని అడగండి."

ఆఫీసరమ్మ మోకాళ్ళ మీద కూర్చుని పాప మొహంలోకి చూసింది. "దగ్గొస్తుందా తల్లీ?"

గుమ్మంలో ఇరుగుపొరుగు, గోడ వారన మా ఆయన, చెంబు పట్టుకుని మా అత్త, అందరం పాప వంకే చూస్తున్నాం. దగ్గవే తల్లీ, ఒక్కసారి దగ్గవే అని లోపల్లోపల బతిమాలుకున్నాను. బిడ్డకి దగ్గు రావాలని కోరుకున్న తల్లిని నేనొక్కదాన్నే అయ్యుంటాను. పాప ఆఫీసరమ్మని చూసి సిగ్గుపడి నవ్వింది. గుండె నిండా గాలి పీల్చుకుంది, ఏ చప్పుడూ లేకుండా.

"మా గోడ చూశావా, తెల్లగా ఉంది. మా నానమ్మ చేసింది" అంది.

"చూశాను. చాలా బాగుంది" అని దాని బుగ్గ పుణికి ఆవిడ లేచింది.

వెళ్ళేటప్పుడు మా అత్తతో, "ఇంత ఇరుకులో ఇంత శుభ్రంగా ఉన్నారంటే ముచ్చటేస్తోందమ్మా" అంది. బండి రోడ్డెక్కేదాకా మా అత్త చూస్తూ నిలబడింది. "విన్నావా, ముచ్చటేస్తోందంది. ఇల్లు మనదే" అంది నాతో. నిజం చెప్తున్నా, ఆ సాయంత్రం నేనూ నమ్మాను. కొత్తింట్లో పాప మంచం కిటికీ కింద వెయ్యాలా, పక్కగా వెయ్యాలా అని కూడా ఆలోచించాను.

కబురు మళ్ళీ మంచు ఆరే వేళలోనే వచ్చింది. ఈసారి మేస్త్రీ కూర్చోలేదు, నిలబడే చెప్పాడు. ఇళ్ళు కోళ్ళ షెడ్డు వాళ్ళకి. గోదాము మనుషులుండడానికి అనువుగానే ఉందని ఆఫీసరమ్మ తేల్చిందట. కంచె అవతల పొడుగువదిన కత్తెర కింద పెట్టేసింది.

"ఆవిడ వచ్చిన పూట మేం ఒక్కరం కూడా లేం వదినా" అంది తప్పు చేసినదానిలా. "మా మేస్త్రీ కోత ఆపనివ్వలేదు. పొద్దున తిన్న గిన్నెలు తిన్నట్టే ఉన్నాయి. మంచం మీద మా మామ ఒక్కడే మూలుగుతున్నాడు. ఎలా ఉన్నది అలాగే చూసి పోయింది."

మా ఆయన బతుకులో మొదటిసారి "చూద్దాంలే" అనలేదు. చొక్కా మార్చుకుని, పద అన్నాడు. ఇద్దరం ఆఫీసుకి వెళ్ళాం. ఆఫీసరమ్మ మమ్మల్ని గుర్తుపట్టి కుర్చీలు వేయించింది, టీ తెప్పించింది. ఎవరైనా కసురుకుంటే తిరగబడొచ్చు, టీ ఇచ్చేవాళ్ళతో ఏం పోట్లాడతాం.

"నేను కళ్ళారా చూశాను కదమ్మా. చెయ్యి పెట్టి కూడా చూశాను. ఆ షెడ్డులో ముసలాయన మంచం మీద పైన ఆకాశం కనిపిస్తోంది. మీ ఇద్దర్లో ఎవరికిమ్మంటారు, మీరే చెప్పండి."

ఆ ముసలాయన మాకు తెలుసు.

"వానలు పడ్డాక ఒక్కసారి వచ్చి చూడండమ్మా" అన్నాడు మా ఆయన.

"వానల్లో ఆ దారిలో బండి రాదు కదయ్యా" అంది ఆవిడ బాధగా. "మళ్ళీ ఏడు ఇంకొన్ని కడతామంటున్నారు. మొదటి పేరు మీదే రాసుకుంటాను. మీ గది గురించి నేను వెళ్ళిన ప్రతిచోటా చెప్తున్నానమ్మా, ఇల్లంటే అలా ఉంచుకోవాలని."

ఇంటికొచ్చి ఆ మాట మా అత్తకి చెప్పలేదు. చెప్పకపోయినా తెలిసిపోయింది. ఆవిడ సున్నం బక్కెట్టు కడిగి బోర్లించి, ఎండాక తీసుకెళ్ళి మేస్త్రీకిచ్చేసి వచ్చింది. నేను నాలుగు మాటలంటే ఆవిడకి తేలికయ్యేదేమో. నాకు నోరు రాలేదు. ఇల్లు శుభ్రంగా ఉంచుకున్నందుకు ఎవరినైనా ఎలా తిట్టేది?

కోత అవుతూనే వానలు దిగాయి. కాలవ నిండింది. ముందు గోడ మీద గోధుమరంగు మచ్చలు తేలాయి, తర్వాత సున్నం పెచ్చులు పెచ్చులుగా ఊడి మంచాల మీద పడింది. మా అత్త ఊడ్చేది, మళ్ళీ పడేది. పాప గొంతులో పిల్లి మళ్ళీ కూర్చుంది. మందు పోస్తే కాసేపు, మళ్ళీ మామూలే. ఒక మధ్యాహ్నం దాని పెదాల రంగు మారింది. మా ఆయన దాన్ని భుజాన వేసుకుని వానలో ఆస్పత్రికి పరిగెత్తాడు, వెనకాలే నేను. నర్సమ్మ నన్నేమీ అడగలేదు. అడిగినా బాగుండేది.

అక్కడినుంచి తిరిగొచ్చేసరికి పొడుగువదిన మా గుమ్మంలో గొడుగు పట్టుకుని నిలబడి ఉంది.

"వదినా, తప్పుగా అనుకోకు. మేమే ఆరుగురం, మిమ్మల్నందర్నీ రమ్మనలేను, ఆఫీసువాళ్ళు ఊరుకోరు కూడా. పాప ఒక్కతీ అయితే ఎవరి కంటా పడదు. వానలయ్యేదాకా కొత్తింట్లో నా దగ్గరుంచు."

నేను మా ఆయన్ని చూశాను. ఆయన నేలని చూశాడు. మా అత్త అప్పటికే పాప గౌన్లు మూట కడుతోంది. ఒక్కొక్కటీ నాలుగు మడతలు పెట్టి, చేత్తో సాపు చేసి మరీ కట్టింది. గొడుగు కింద పాప వెళ్ళిపోతూ వెనక్కి తిరిగి చెయ్యూపింది. అలా మా ఇంట్లో పాపకొక్కదానికే ఇల్లు దొరికింది. ఆ మర్నాడు మా వాకిలి ఊడవలేదు. చీపురమ్మకి ఒంట్లో బాగాలేదా అని గోదాములో అందరూ అడిగారు.

ఆ తర్వాత రోజూ మధ్యాహ్నం మా అత్త వాన తెరిపివ్వగానే రోడ్డు మీదకి వెళ్ళేది. పాపని చూడ్డానికే. కానీ పరాయి ఇంట్లో ఊరికే కూర్చోవడం ఆవిడకి చేతకాదు. చీపురు తీసుకునేది. ముందు వసారా ఊడ్చింది, తర్వాత గది, ఆ తర్వాత కిటికీ గట్టు. పొడుగువదిన మొదట్లో, "అయ్యో పెద్దమ్మా, నువ్వెందుకు" అనేది, ఆనక మానేసింది. వరసలో ఆ ఒక్క ఇల్లే అద్దంలా ఉండేది. నేను సాయంత్రం వెళ్ళేసరికి పాప కిటికీ ఊచలు పట్టుకుని నా కోసం చూస్తుండేది. దగ్గు లేదు, కూతలు లేవు. బుగ్గలు కూడా వచ్చాయి. నాకు సంతోషంగా ఉండేది, ఇంటికి నడిచి వస్తుంటే ఏడుపొచ్చేది.

వానలు వెనకబట్టి, ఎండ గట్టిపడ్డాక పాపని తెచ్చుకుందామన్నాడు మా ఆయన. పొడుగువదిన ఇంకొన్నాళ్ళుండనీ అంది గానీ, ఎన్నాళ్ళని? మధ్యాహ్నం వెళ్ళి తీసుకొచ్చాను. దారంతా నా చెయ్యి పట్టుకుని ఊపుతూ నడిచింది. మా అత్త పొద్దుట్నుంచీ గోడని గోకి, నేల కడిగి, మంచం మీద ఉతికిన దుప్పటి పరిచి ఉంచింది.

పాప గుమ్మంలో ఆగింది. కొత్తవాళ్ళింటికి వచ్చినట్టు లోపలంతా కలియజూసింది.

"అమ్మా, కిటికీ ఏది?" అంది.

మా ఆయన దాన్నెత్తుకుని మంచం మీద కూర్చోబెట్టాడు. మా అత్త పళ్ళెంలో నారింజ తొనలు ఒలిచి తెచ్చింది. పాప ఒక తొన తింది, రెండో తొన నాన్న నోట్లో పెట్టింది, గింజలు చేతిలో ఊసింది. సాయంత్రపు ఎండ గుమ్మం దాకా వచ్చి ఆగిపోయింది. అప్పుడు దగ్గింది. చిన్న దగ్గే. ఒక్కసారే.

ముగ్గురం దాని వంక చూశాం. ఆ రోజు అందరం చుట్టూ నిలబడి బతిమాలితే రాని దగ్గు.

పాప మళ్ళీ ఊపిరి పీల్చింది. లోపలెక్కడో సన్నగా కూత. మా అత్త చేతిలో పళ్ళెం కింద పెట్టింది. ఇంకా విప్పని మూటని చంకన పెట్టుకుంది. పాప కాళ్ళకి చెప్పులు తొడిగి, మూతి తుడిచి, దాని వేలు పట్టుకుని లేచింది. నా వంక గానీ, కొడుకు వంక గానీ చూడలేదు.

"పద తల్లీ" అంది. "చీకటి పడేలోపు మీ ఇంటికి వెళ్దాం."